పాత బండి కొండ ఎక్కనంటే: తప్పు ఇంజనుదా, గేరు బాక్సుదా?

మనిషికి నీరసం వస్తే గుండె జబ్బేనని ఎవరూ వెంటనే ఆపరేషనుకు సిద్ధపడరు. ముందు నాడి చూపించుకుంటారు. నిన్న ఏం తిన్నావు, రాత్రి నిద్ర పట్టిందా అని డాక్టరు అడిగితే ఓపికగా చెబుతారు. ఇంట్లో వున్న పాత కారు నీరసించినప్పుడు మాత్రం ఇంత ఓపిక వుండదు. మొట్టమొదట వినబడే మాట, నమ్మబడే మాట కూడా ఒకటే: “గేరు బాక్సు పోయిందండీ!”

ఆ బండి ఆటోమేటిక్కు గేర్లది, పైగా నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవు రకం అయితే ఇక చెప్పనక్కరలేదు. అటువంటి గేరు బాక్సును విప్పి బాగుచేసే చేతులు తక్కువ; ఖర్చు ఎక్కువ. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగుస్తుంది. తరువాత పరీక్షకు నిలబెట్టి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. సరిగ్గా ఆ గడప దగ్గర నిలబడిన కుటుంబానికి గేరు బాక్సు పోయిందన్న మాట వినబడితే, బండి పాత ఇనుము ధరకు వెళ్లిపోతుంది. అసలు జబ్బు మూసుకుపోయిన ఒక చిన్న ఫిల్టరు అయివుంటే? కొన్నవాడు ఆ ఫిల్టరు మార్చుకొని హాయిగా తిరుగుతాడు.

కాబట్టి విప్పడానికి ముందు తెలుసుకోవలసింది ఒకటే. ఇంజను శక్తి ఇవ్వడం లేదా? ఇచ్చిన శక్తిని గేరు బాక్సు చక్రాలకు చేర్చడం లేదా? ఈ రెండింటినీ విడదీయడానికి పెద్ద చదువు అక్కరలేదు.

రెండు ఫ్యాన్ల కథ

రెండు టేబిలు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఆటోమేటిక్కు బండిలో ఇంజనుకూ గేర్లకూ మధ్య వుండే టార్క్ కన్వర్టరు చేసే పని ఇదే. గాలికి బదులు నూనె వుంటుంది. ఈ సూత్రానికి 1905లో పేటెంటు తీసుకున్నవాడు హెర్మన్ ఫెటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. ఆయన ఆలోచించింది కార్ల కోసం కాదు, ఓడల కోసం. రెండు ఫ్యాన్ల మధ్య మూడో చక్రం ఒకటి వుండి, తిరిగివచ్చే నూనెను సరైన దిక్కుకు మళ్లిస్తుంది. బండి కదిలే క్షణంలో ఇంజను బలం సుమారు రెండింతలు కావడానికి కారణం ఆ మూడో చక్రమే.

అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లు 1940 మోడలుతో ఆటోమేటిక్కు గేర్లను బజారుకు తెచ్చాయి. ఫోర్ వీల్ డ్రైవు బండ్లకు ఆ సుఖం రావడానికి మరి కొంతకాలం పట్టింది. జీప్ వాగనీరు 1963 మోడలుతో దారి చూపింది. 1970లో పుట్టిన రేంజ్ రోవరుకు 1982లో గాని ఆటోమేటిక్కు రాలేదు.

మన పరీక్షకు ఒక బండిని ఎదురుగా పెట్టుకుందాం. బ్రిటనులో 1994 నుండి 1998 వరకు తయారైన లాండ్ రోవర్ డిస్కవరీ, 300 టీడీఐ డీజిలు ఇంజనుది. ఇంజను రెండున్నర లీటర్లు. బలం సుమారు 111 అశ్వశక్తి. లాగవలసిన బరువు సుమారు రెండు టన్నులు. గేరు బాక్సు జర్మనీ వారి జెడ్.ఎఫ్. కంపెనీ చేసిన నాలుగు గేర్ల ఆటోమేటిక్కు. దీనిని ఎన్నుకోవడానికి కారణం, ఈ గేరు బాక్సుకు కంప్యూటరు లేదు. నూనె ఒత్తిడి, ఒక తీగ, బండి వేగం కలిసి గేర్లు మారుస్తాయి. అందువల్ల ఏ జబ్బు ఎక్కడిదో తేటగా చూడవచ్చు. ఇక్కడ నేర్చుకున్న తర్కం తక్కిన పాత బండ్లకూ పనికివస్తుంది. ఒక సంగతి మాత్రం మరవరాదు. ఇది కొత్తలో కూడా పరుగుపందెం గుర్రం కాదు. ఈ వేళ కార్లతో పోల్చి నీరసం అనకూడదు. నిరుడు తానెట్లా నడిచిందో దానితో పోల్చాలి.

రెండు ముళ్లు చెప్పే సాక్ష్యం

బండి వేడెక్కిన తరువాత ఒక మోస్తరు ఎత్తు వున్న రోడ్డు మీద యాక్సిలరేటరు బాగా నొక్కి రెండు ముళ్లు చూడాలి. ఒకటి వేగం చెప్పే ముల్లు. రెండవది ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చెప్పే ఆర్పీయం ముల్లు. అది లేని బండిలో చెవే మీటరు. డ్రైవరు దృష్టి రోడ్డు మీదే వుండాలి. ముళ్లు చూసే పని పక్కన కూర్చున్నవారిది.

ఇంజను గోల పెడుతూ చుట్లు పెంచుతున్నది, బండి వేగం మాత్రం పెరగడం లేదు అంటే, శక్తి పుడుతున్నది గాని చేరడం లేదు. గేరు బాక్సులో ఏదో జారుతున్నది.

ఇంజను చుట్లూ పెరగడం లేదు, వేగమూ పెరగడం లేదు, పెడలు నేలకు ఆనినా బండి మూలుగుతున్నది అంటే, శక్తి పుట్టడమే లేదు. అనుమానించవలసింది ముందుగా ఇంజనును.

ఈ ఒక్క తేడా గమనించి షెడ్డుకు వెళ్లినవాడు సగం రోగం కనిపెట్టినట్టే.

ఇంజను ఆకలి

డీజిలు ఇంజనుకు కావలసినవి రెండు: శుభ్రమైన డీజిలు, ధారాళంగా గాలి.

డీజిలు ఫిల్టరు మూసుకుపోతే బండి ఊళ్లో బాగానే తిరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ముందున్న లారీని దాటేటప్పుడు నీరసిస్తుంది. కొంతదూరం బాగా నడిచి, తరువాత బలం తగ్గి, పది నిమిషాలు ఆపితే మళ్లీ లేచి నడిస్తే టాంకులోని చెత్త పైపుకు అడ్డుపడుతున్నదేమో చూడాలి. అలా నీరసించినప్పుడు టాంకు మూత తీయండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు బాగా వినబడి, వెంటనే బండి కోలుకుంటే, మూతకు గాలి వెళ్లే దారి మూసుకుపోయిందన్నమాట.

గాలి సంగతి పొగ చెబుతుంది. నల్లని పొగ వస్తే డీజిలుకు తగినంత గాలి అందడం లేదు. గాలి ఫిల్టరు గాని, టర్బో నుండి ఇంజనుకు గాలి తెచ్చే రబ్బరు గొట్టం గాని చూడాలి. ఆ గొట్టం చిరుగు ఒక్కొక్కప్పుడు అడుగు వైపున వుండి కంటికి కనబడదు; చేత్తో తడిమి చూడాలి. నీలి పొగ అయితే ఇంజను ఆయిలు కాలుతున్నది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే, కాలని డీజిలో, ఇంజనులోకి దిగుతున్న నీళ్లో అయివుంటుంది.

పొగ ఏమీ లేకుండానే బలం పోయిందా? ఈ డిస్కవరీలో టర్బో ఒత్తిడిని డీజిలు పంపుకు తెలిపే సన్నని గొట్టం ఒకటి వున్నది. అది చిట్లితే గాలి వస్తున్న సంగతి పంపుకు తెలియదు. డీజిలు తక్కువే పోస్తుంది. వేలెడు గొట్టం వల్ల రెండు టన్నుల బండి కుంటుతుంది!

అన్నింటికంటె తేలిక పరీక్ష మరొకటి. ఒకరు పెడలు పూర్తిగా నొక్కగా మరొకరు బానెట్టు ఎత్తి, ఆపివున్న ఇంజను దగ్గర ఆ తీగ చివరిదాకా లాగబడుతున్నదా అని చూడటం. పెడలు కింద మందపాటి మ్యాటు వేసినా సరే, అది పూర్తిగా దిగదు.

గేరు బాక్సును బదనాం చేసే తీగ

యాక్సిలరేటరుకు తోడుగా గేరు బాక్సుకు మరో తీగ వెళుతుంది. దానిని కిక్‌డౌన్ కేబులు అంటారు. మీ కాలు ఎంత నొక్కిందో గేరు బాక్సుకు చెప్పేది అదే. అది వదులైతే గేరు బాక్సు మీకు తొందర లేదనుకుంటుంది. పై గేర్లు ముందుగానే పడిపోతాయి, ఎత్తులో కింది గేరు పడదు, ఇంజను మూలుగుతుంది. చూసేవారు ఇంజను చచ్చిందంటారు. మరొకరు గేరు బాక్సు పోయిందంటారు. నిజానికి రెండూ బాగానే వున్నాయి. వాటి మధ్య మాట సరిగా అందడం లేదు. పుస్తకంలోని కొలత ప్రకారం తీగ సరిచేస్తే చాలు.

కంప్యూటరు వున్న తరువాతి కాలపు బండ్లలో ఇట్లాంటి అపార్థమే మరో రూపంలో వస్తుంది. ఏదైనా తప్పు కనిపెడితే కంప్యూటరు గేరు బాక్సును కాపాడటానికి ఒకే గేరులో, సాధారణంగా మూడో గేరులో, బిగించివేస్తుంది. మూడో గేరులో బయలుదేరే బండికి బలం ఎట్లా వుంటుంది? అటువంటి బండికి ముందు చేయవలసింది మిషను పెట్టి తప్పు నంబరు చదివించడం.

నూనె రంగు, నూనె వాసన

జారుతున్నది గేరు బాక్సే అని ముళ్లు చెబితే, తరువాతి సాక్షి దాని నూనె. చాలా బండ్లలో దీనిని సమతలం మీద, ఇంజను నడుస్తుండగా, గేర్లన్నీ ఒకసారి తిప్పి, పార్కులో గాని న్యూట్రలులో గాని పెట్టి చూస్తారు. హోండా వంటి కొన్నింటిలో ఇంజను ఆపి చూడాలి. మీ బండి పుస్తకం ఏం చెబితే అదే ప్రమాణం.

ఆరోగ్యంగా వున్న నూనె సాధారణంగా ఎర్రగా, తేటగా వుంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడిన వాసన కొడితే లోపలి క్లచ్చి బిళ్లలు కాలాయన్నమాట. రాజమండ్రి రోజ్‌మిల్కు రంగులో కనబడితే బండిని ఒక్క అడుగు కూడా నడపకండి. రేడియేటరులోని నీరు నూనెలో కలిసింది. మట్టం తక్కువైతే పంపు నూనెతో పాటు గాలి పీలుస్తుంది. గేరు వేసిన తరువాత బండి కాస్త ఆలోచించి కదులుతుంది, ఎత్తులో జారుతుంది. అట్లాగని ఎక్కువ పోయడం కూడా కీడే. నూనె నురగ కడుతుంది.

అన్ని గేర్లలోనూ జారితే నూనె మట్టాన్నీ, పంపు ఒత్తిడినీ అనుమానించాలి. ఒక్క గేరులోనే జారితే ఆ గేరు క్లచ్చి అరిగివుండవచ్చు. అడుగు పళ్లెం విప్పించినప్పుడు అయస్కాంతం మీద సన్నని నల్లని పొడి వుండటం సహజం. పెంకుల్లాంటి ఇనుప ముక్కలు వుంటే మాత్రం కొత్త నూనె దాన్ని బతికించదు.

ఫోర్ వీల్ డ్రైవుకే చెందిన దొంగలు

గేరు బాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు వుంటుంది. దాని లీవరు చిన్నది. అది “లో”లో వుండిపోతే ఇంజను అరుస్తుంది, బండి పాకుతుంది. అచ్చంగా గేరు జారినట్టే! జబ్బేమీ లేదు, లీవరు మార్చాలి. డిస్కవరీలో మధ్య డిఫరెన్షియలుకు లాకు వున్నది. బురదలో వేసిన ఆ లాకును తారు రోడ్డు మీద కూడా వుంచితే, మలుపుల్లో ఎవరో వెనక్కు లాగుతున్నట్టు వుంటుంది. బ్రేకు పట్టేసినా ఇదే తీరు. కొంతదూరం నడిపి ఆపాక, ముట్టుకోకుండా ఒక్కొక్క చక్రం దగ్గర అరచేయి పెట్టి చూడండి. నాలుగింటిలో ఒకటి నిప్పులా వుంటే దొంగ దొరికినట్టే.

చివరి పరీక్ష షెడ్డులోనే

మెకానిక్కు దగ్గర స్టాల్ టెస్టు అని ఒకటి వున్నది. బ్రేకు గట్టిగా తొక్కి, చక్రాలకు అడ్డాలు పెట్టి, “డి”లో వుంచి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి, ఇంజను ఎన్ని చుట్ల దగ్గర ఆగుతుందో చూస్తారు. పుస్తకంలోని అంకెకంటె ఎక్కువైతే గేరు బాక్సు జారుతున్నది. తక్కువైతే ఇంజను నీరసంగా వున్నది, లేదా కన్వర్టరులోని ఆ మూడో చక్రం పట్టు తప్పింది. ఐదు సెకన్లు మించితే నూనె ఉడికిపోతుంది. ఎదుట మనిషి వుంటే ప్రాణానికే ముప్పు. ఇంటి ముందు చేసే ప్రయోగం కాదిది.

ఇంకొక హెచ్చరిక. జారుతున్న బండితో అనంతగిరి ఘాటు వంటి చోట్లకు పిల్లాజెల్లలతో బయలుదేరవద్దు. ఎక్కేటప్పుడు ఆగిపోవడం ఒక చిక్కు. దిగేటప్పుడు కింది గేరు పట్టుకోకపోతే భారమంతా బ్రేకుల మీద పడటం అంతకంటె పెద్ద చిక్కు. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. చక్రాలు నేల మీద తిరుగుతూవుంటే, నూనె అందని గేరు బాక్సు లోపల కాలిపోతుంది. బండిని లారీ మీదికి ఎక్కించి తీసుకుపోవడమే క్షేమం.

షెడ్డుకు వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: చల్లగా వున్నప్పుడా, వేడెక్కాకనా? ఏ గేరులో? ఇంజను అరిచిందా, మూలిగిందా? పొగ ఏ రంగు? ఆ కాగితం చదివిన మంచి మెకానిక్కు గేరు బాక్సు మాట ఎత్తడానికి ముందు ఫిల్టరు విప్పుతాడు. అన్నీ చూసిన తరువాత తప్పు గేరు బాక్సుదే అని తేలితే, అప్పుడు బాగుచేయించడమో అమ్ముకోవడమో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవచ్చు. ఏది చేసినా తెలిసి చేసినట్టు వుంటుంది.