నగర రైలు – విద్యార్థి లెక్క

ఉన్నత విద్యకు, పోటీ పరీక్షలకు మన రొంపిచెర్ల ప్రాంతపు విద్యార్థులు హైదరాబాదు వెళ్లడం పరిపాటి. అక్కడి మెట్రో రైలు 2017 నవంబరులో ప్రారంభమైంది. కోల్‌కతా, ఢిల్లీలలో పలుచోట్ల వలె భూగర్భంలో గాక, ఇది స్తంభాలపై నడుస్తుంది. దీనికి మూడు మార్గాలున్నాయి. మియాపూర్–ఎల్.బి. నగర్, నాగోలు–రాయదుర్గం మార్గాలు అమీర్‌పేటలో కలుస్తాయి. మూడవది జూబ్లీ బస్‌స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు సాగుతుంది.

స్మార్ట్ కార్డులో ముందుగా సొమ్ము జమచేసుకొని, లోనికి పోయేటప్పుడూ వెలికి వచ్చేటప్పుడూ ద్వారం వద్ద తాకించాలి. దూరాన్ని బట్టి ఛార్జీ తగ్గించుకుంటుంది. ఒక్కనాటి పనికి విడి టికెట్టు చాలును.

ఏది కొనాలో తేల్చేది మన ప్రయాణాల లెక్కే. 2023లో విద్యార్థుల పాసు ప్రవేశపెట్టినప్పుడు 20 ప్రయాణాల సొమ్ముకు 30 ప్రయాణాలు లభించాయి. గడువు 30 రోజులు. అట్టి పాసుతో నిత్యం కళాశాలకు పోయివచ్చే విద్యార్థికి పక్షం రోజులలోనే 10 ప్రయాణాలు ఆదా. వారానికొకమారు పోయివచ్చే విద్యార్థికి నెలలో 8 ప్రయాణాలే. తక్కిన 12 ప్రయాణాల సొమ్ము వ్యర్థం. రాయితీలు మారుతూ ఉంటాయి. కనుక కొనేముందే గడువు, షరతులు అడిగి తెలుసుకోవాలి. మిరపచేలలో శ్రమించి తల్లిదండ్రులు పంపిన ప్రతి రూపాయికీ మనం లెక్క చెప్పగలగాలి.