అత్తరు పరిమళం ఆలస్యమేల?

తరగతి గదిలో ముందు వరుస విద్యార్థి ఒకడు అత్తరు సీసా మూత తీసినాడనుకొందాము. వెనుక వరుసలోని వారికి ఆ పరిమళం వెంటనే అందదు, కొంతసేపు పట్టుతుంది. ఆ ఆలస్యం ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలను సైతం చిక్కులో పడవేసినది.

ఘనపదార్థానికి నియతమైన ఆకారము, ఘనపరిమాణము ఉంటాయనీ, ద్రవానికి ఘనపరిమాణం మాత్రమే ఉంటుందనీ, వాయువుకు రెండూ లేవనీ మనమందరము పరీక్షల కొరకు కంఠస్థం చేసినవారమే. మార్కులు కూడ వచ్చినవి. కాని అట్లెందుకని ఎవరైనా అడిగితే మాలో చాలమందిమి తల వంచుకొన్నాము.

కారణం అణువుల చలనంలో ఉన్నది. మంచుగడ్డలోని నీటి అణువులు పరస్పరాకర్షణకు కట్టుబడి తమతమ స్థానాలలోనే కంపిస్తూ ఉంటాయి. వేడి తగిలినకొద్దీ కంపనం హెచ్చి ఆ కట్టు సడలుతుంది. అప్పుడవి ఒకదానినొకటి విడిచిపోకుండానే స్థానాలు మార్చుకొంటాయి, అదే ద్రవస్థితి. కట్టు పూర్తిగా తెంచుకొన్నవి వాయువై నలుదిక్కులకు పోతాయి. 100 డిగ్రీల వద్ద నీరు ఆవిరిగా మారినప్పుడు ఘనపరిమాణం సుమారు 1,700 రెట్లవుతుంది. అణువులు ఉబ్బలేదు సుమా! వాటి నడుమ ఎడమే పెరిగినది.

ఇక అత్తరు సంగతి. గాలిలోని నత్రజని అణువుల వేగం సెకనుకు దాదాపు 500 మీటర్లు. అత్తరు అణువులు బరువైనవి గనుక నెమ్మదివే, అయినను సెకనుకు నూరు మీటర్లకు పైమాటే. రెప్పపాటులో గది దాటవలెను గదా! హాలండు శాస్త్రవేత్త బైస్ బలాట్ 1858లో ఇటువంటి ఆక్షేపణనే లేవదీసినాడు. జర్మనీకి చెందిన క్లౌసియస్ అదే సంవత్సరం సమాధానమిచ్చినాడు: అణువుకు వేగమున్నది గాని దారి లేదు. నేటి లెక్క ప్రకారం గాలిలోని అణువు ఒకసారి ఢీకొన్న తరువాత మరల ఢీకొనేలోపు పోయే దూరం మిల్లీమీటరులో పదివేలవ వంతైనా ఉండదు. ఒక్క సెకనులో వందల కోట్లసార్లు దారి మళ్ళుతుంది. కురుమూర్తి జాతర జనంలో పరుగెత్తబోయినవాని గతి ఎట్లుంటుందో మనకు తెలియనిది కాదు. నిజానికి గదిలో గాలి కదలికలే పరిమళాన్ని మోసుకొస్తాయి; అవియే లేకుంటే ఆలస్యం ఇంకెంతో పెరిగేది.

కంటికి కనబడని అణువులను నమ్ముటెట్లు? 1827లో రాబర్ట్ బ్రౌన్ సూక్ష్మదర్శినిలో చూడగా, పుప్పొడి నుండి వెలువడిన నలుసులు నీటిలో ఎడతెగక చలిస్తున్నవి. నీటి అణువుల తాకిడే కారణమని 1905లో ఐన్‌స్టీన్ గణితరీత్యా వివరించినాడు. ఆ లెక్కను ప్రయోగాలతో నిర్ధారించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెర్రాకు 1926లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ సిద్ధాంతానికి మన ఆత్మకూరులోనే నిదర్శనమున్నది. జూరాల జలాశయపు నీరు ఎన్నడును మరగదు, అయినను రేయింబవళ్ళు ఆవిరి అవుతూనే ఉంటుంది. అణువులన్నింటికీ ఒకే వేగం లేదు. వేగవంతమైనవి ఉపరితలం దాటిపోతాయి. మట్టికుండ సన్నని రంధ్రాల నుండి ఊరిన చెమ్మలోనూ ఇదే జరుగుతుంది. వెళ్ళిపోయే ఒక్కొక్క గ్రాము నీరు దాదాపు 580 కేలరీల వేడిని తీసికొనిపోతుంది. మిగిలినవి నెమ్మది అణువులు గనుక నీరు చల్లబడుతుంది. వానకాలంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉన్నందున, పోయిన అణువులతో దాదాపు సమానంగా తిరిగివచ్చేవీ ఉంటాయి. కుండ అదే, నీరూ అదే, చల్లదనం మాత్రం ఉండదు.