భయపడుట తప్పా?

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. అంతకు 113 ఏండ్లకు పూర్వము, 1864 నవంబరులో, మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. ఇట్టి తీరమున ఆకాశము నల్లబడి ఈదురుగాలి మొదలైనచో పిల్లల గుండెలలో గుబులు పుట్టుట సహజము. అప్పుడు “పిరికివాడా!” అని పెద్దలు గదుముట కద్దు. భయపడుట నిజముగా పిరికితనమేనా?

భయము కలిగినపుడు శరీరమున ఏమి జరుగునో చూతము. ప్రమాదము పొడగట్టగనే మెదడులో బాదంపప్పు ఆకృతిలోనున్న అమిగ్డలా అను భాగము చురుకుగా పనిచేయును. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను రసాయనమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును; ఊపిరి వేగమగును; అరచేతులు చెమర్చును. పోరాడుటకో పారిపోవుటకో శరీరము చేసికొను సన్నాహమే ఇది యని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వివరించెను. చెమట, వణకు, గగుర్పాటు, గొంతు మారుట, మోము వెలవెలబోవుట మొదలగు ఎనిమిదింటిని భరతుని నాట్యశాస్త్రము సాత్త్వికభావములని పేర్కొన్నది. కూచిపూడి నర్తకులు ఆ గుర్తులనే అభినయించి చూపుదురు.

కనుక భయము దోషము కాదు. శరీరము మ్రోగించు హెచ్చరిక గంట. సముద్రమునకు దూరముగానున్న గుడివాడ విద్యార్థికిని పరీక్షాపత్రము చూడగనే ఈ గంటయే మ్రోగును. కోపము వచ్చినపుడును అంతే. తుపాను వార్త విని దిక్కుతోచక పరుగెత్తు బాలునకును, తమ్ముని చేయి పట్టుకొని అవ్వను వెంటబెట్టుకొని తుపాను షెల్టరునకు నడచు బాలికకును గుండెదడ ఒక్కటే. చేసిన పని వేరు. శీలము తెలియునది అచ్చటనే.

1990 మే నెలలో కృష్ణానది ముఖద్వారము సమీపమున తీరము దాటిన తుపాను కూడ మిక్కిలి తీవ్రమైనదే. కాని ముందుగా హెచ్చరికలంది, లక్షలాది జనులను సురక్షిత స్థలములకు తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచెను. భయము సకాలమున పనిగా మారిన ఫలితమిది.

ఆవేశమును అదుపుచేసి ఆలోచించుటకు తోడ్పడు మెదడు ముందుభాగము దాదాపు 25 ఏండ్లవరకును ఎదుగుచునే యుండును. అందుచే హైస్కూలు విద్యార్థులకు మందలింపుకంటె అభ్యాసము ముఖ్యము. అందు మూడు మెట్లు కలవు.

మొదటిది, కలిగిన భావమునకు పేరు పెట్టుట. బెంగ, దిగులు, జంకు, ఉక్రోషము — ఇవి యన్నియు ఒకటి కావు. భావమును మాటలలో పెట్టినపుడు అమిగ్డలా ఉద్ధృతి తగ్గునని 2007లో అమెరికాలో జరిగిన పరిశోధన చూపినది.

రెండవది, ఊపిరిని నెమ్మదిగా, ఎక్కువసేపు విడుచుట. ఇందువలన వేగస్ నాడి గుండెవేగమును తగ్గించును.

మూడవది, చేయవలసిన పనిని ముందే నిర్ణయించుకొని పలుమార్లు చేసి చూచుట. షెల్టరునకు ఏ దారిన పోవలెను? ఎవరిని వెంటబెట్టుకొనవలెను? ఆటలో తగవు వచ్చినచో మొదట ఎవరితో చెప్పవలెను? తరగతిలో ఉపాధ్యాయుడు ఇట్టివి అడిగి, పిల్లలచేత చేయించి చూడవచ్చును.

“భయపడకు” అని చెప్పుట తేలిక. కాని అది పిల్లవాని చేతిలో లేదు. “భయము వేసినపుడు ఏమి చేయుదువు?” అని అడిగినచో, వానికి చేయదగిన పని యొకటి దొరకును.