పాముకాటు: నూటికి ఎన్ని పాళ్లు?

“నూటికి తొంభై పాళ్లు ఫరవాలేదు” అని డాక్టరుగారు అంటే ఇంటిల్లిపాదీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. అదే డాక్టరుగారు “నూటికి పది పాళ్లు ప్రమాదం ఉంది” అంటే బెంబేలెత్తిపోతారు. నిజానికి రెండు మాటలకూ అర్థం ఒకటే. మాట తీరు మారితే మన గుండెదడ మారుతుంది గాని లెక్క మారదు.

ఈ పాళ్ల లెక్కనే గణితశాస్త్రంలో సంభావ్యత అంటారు. పెద్ద మాట చూసి భయపడనక్కరలేదు. రూపాయి బిళ్లను వెయ్యిసార్లు ఎగరేస్తే సుమారు అయిదువందలసార్లు బొమ్మ పడుతుంది. కాని ఈసారి ఏది పడుతుందో ఎవరూ చెప్పలేరు. “నూటికి తొంభై” అన్న మాట కూడా అటువంటిదే. అది మీవంటి రోగులు వందమందిని గురించి చెప్పిన మాట. ఆ తొంభైలో మీరుంటారో, మిగిలిన పదిలో ఉంటారో ఆ మాట చెప్పదు. చెప్పదు కాబట్టి పనికిరాదని కాదు. ఏ పక్కకు అడుగు వేయాలో అదే చెబుతుంది.

ఈ లెక్క తప్పితే ప్రాణం మీదికి వచ్చే సందర్భం ఒకటుంది. అదే పాముకాటు. గూడూరు, పెడన, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల వారికి దీన్ని గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. కాలవలకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యేసరికి చేలల్లో నీరు నిలుస్తుంది. ఎలకలూ, కప్పలూ గట్లెక్కుతాయి. వాటి వెంట పాములూ గట్లకు, గడ్డివాములకు, ఇళ్లకు చేరతాయి. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై జనం భయభ్రాంతులైతే, ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిని సర్పశాంతి యాగం కూడా చేశారు.

మంత్రానికి మార్కులు ఎన్ని?

ఈ ప్రాంతపు పల్లెల్లో ఇటువంటి మాటలు వినబడుతుంటాయి.

“పాము కరిస్తే బందరు దాకా ఎందుకురా అబ్బాయ్? పక్కూళ్లో ఆయన మంత్రం వేస్తే చాలు. ఆయన చేతి మీద తొంభైమందికి నయమైంది.”

“ఎంతమందికి వేస్తే తొంభైమంది, బాబాయ్?”

“వందమందికి వేశాడనుకో!”

పెద్దాయన అబద్ధం చెప్పడం లేదు. మంత్రం వేసినాయన మోసగాడే కానక్కరలేదు. తొంభైమందీ నిజంగానే లేచి తిరుగుతూ ఉండవచ్చు. అయితే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మంత్రం వేయకపోతే ఆ వందమందిలో ఎందరు బతికేవారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 54 లక్షలమందిని పాములు కరుస్తున్నాయి. వారిలో విషం ఎక్కేది 18 నుంచి 27 లక్షలమందికి. అంటే వందమందిని కరిస్తే సగం నుంచి మూడింట రెండు వంతులమందికి అసలు విషమే ఎక్కడం లేదు. జెర్రిపోతు, నీటిపాముల వంటి వాటికి మనిషిని చంపే విషం లేదు. తాచుపాము వంటి విషసర్పం కూడా ఒక్కొక్కసారి కోరలు దింపినా విషం వదలదు. అటువంటి రోగులను వేపచెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చినా లేచి ఇంటికి వెళతారు. ఆ ఘనత మంత్రం వేసినవారి ఖాతాలో పడుతుంది.

మరి బతకనివారి మాటో? “వేళ మించిపోయింది”, “తిథి మంచిది కాదు” అని వారిని లెక్కలోంచి తీసేస్తారు. చివరి ఘడియలో ఆస్పత్రికి మోసుకుపోతే ఆ చావు ఆస్పత్రి లెక్కలోకి వెళుతుంది. గెలిచినవి ఒక పుస్తకంలోనూ, ఓడినవి మరొక పుస్తకంలోనూ రాసుకునే వ్యాపారానికి ఏనాడూ నష్టం కనబడదు.

అదే సంస్థ అంచనాలో ఏటా 81 వేల నుంచి 1,38,000 మంది దాకా పాముకాటుతో చనిపోతున్నారు. ఇందులో వైద్యం అందినవారూ, అందనివారూ ఉన్నారు. అంటే కాటు తిన్న నూరుమందిలో చనిపోయేది ఇద్దరు, ముగ్గురికి మించదు. “ఇంతేనా!” అనిపిస్తుంది. కాని కాట్ల సంఖ్య పెద్దది కాబట్టి చావులూ పెద్ద సంఖ్యే. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా భారతదేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షలమంది బలయ్యారు. సగటున ఏడాదికి 58 వేలమంది. చావుల్లో సుమారు సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన దేశంలో 70 ఏళ్లు నిండకముందే పాముకాటుతో మరణించే అవకాశం సగటున 250 మందిలో ఒకరికి ఉందని ఆ అధ్యయనం లెక్క కట్టింది. ఇది సగటు. నాట్లు వేసే కూలీకీ, పట్నంలో మేడమీద ఉండేవారికీ ఒకే పాలు కాదు.

గంట గంటకూ మారే పాళ్లు

అవకాశం అనేది నుదుట రాసిన రాత కాదు. కొత్త సంగతి తెలిసినకొద్దీ మారుతూ ఉంటుంది. కాలికి ఏదో చురుక్కుమన్నదని తెలిసినప్పుడు ప్రమాదం కొద్ది పాళ్లే కావచ్చు. కాలు వాచి, చిగుళ్లనుంచి రక్తం కారుతుంటే రక్తపింజరి అని అనుమానించాలి. కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తూ, గుటక పడకపోతే తాచుపాముగాని కట్లపాముగాని అయి ఉంటుంది. అప్పటికి ప్రమాదం కొద్ది పాళ్లు కాదు, చాలా పాళ్లు.

కట్లపాము సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రాత్రి నేలమీద నిద్రపోతున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, వాపు ఉండదు, కాటు గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, రెప్పలు వాలడం మొదలవుతాయి. “అజీర్తి” అని వాము నీళ్లు పట్టించి కూర్చుంటే కాలం మించిపోతుంది.

ఆస్పత్రిలో డాక్టరుగారు చేసేదీ ఈ లెక్కే. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కిందన్నమాట. గడ్డకట్టినా ఇంటికి పంపరు. ఒకరోజు కనిపెట్టి చూస్తారు. విషం ఎక్కిందని తేలితేనే విరుగుడు మందు ఇస్తారు.

“పాము కరిచిందని చెబుతున్నా ఇంజక్షను ఇవ్వలేదు” అని కొందరు తగాదా పెట్టుకుంటారు. ఆ మందు గుర్రాల రక్తంనుంచి తయారవుతుంది. కొందరికి దద్దుర్లు, ఆయాసం, రక్తపుపోటు పడిపోవడం వంటివి జరగవచ్చు. విషం ఎక్కనివారికి ఇస్తే లాభం లేదు, ప్రమాదం మాత్రం ఉంది. విషం ఎక్కినవారికి లాభం ఆ ప్రమాదం కంటే ఎన్నోరెట్లు ఎక్కువ. పాము పసివాడని తక్కువ విషం వదలదు గనుక పిల్లలకూ పెద్దల మోతాదే ఇస్తారు.

ఏ పొరపాటు ఖరీదు ఎంత?

చివరగా ఒక్క మాట. పాళ్లు చూస్తే చాలదు, పొరపాటు ఖరీదు కూడా చూడాలి. విషం లేని కాటుకు ఆస్పత్రికి పరుగెత్తితే పోయేది ఒకరోజు కూలి, దారి ఖర్చు. విషమున్న కాటుకు ఇంట్లో కూర్చుంటే పోయేది మనిషి. నూటికి రెండు పాళ్లే ప్రమాదం అనుకున్నా, ఈ రెండు నష్టాలనూ ఒకే తక్కెడలో తూచలేము. స్వామికి మొక్కుకోవద్దని ఎవరూ అనరు. మొక్కు ఆస్పత్రి దారిలోనే మొక్కుకోవచ్చు. తీర్చుకోవడానికి మనిషి మిగలాలి.

పాము కరిస్తే ఇవి పాటించండి.

* రోగికి ధైర్యం చెప్పండి. నడిపించకండి. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి ఉంచండి.
* ఉంగరాలు, మెట్టెలు, గాజులు, మొలతాడు, బిగువు బట్టలు తీసేయండి.
* తాడుతో బిగించి కట్టవద్దు. కోయవద్దు. నోటితో పీల్చవద్దు. పసర్లు పోయవద్దు.
* పాముకోసం వెదుకుతూ కాలం పాడుచేయవద్దు. 108కు ఫోను చేయండి. విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి తిన్నగా వెళ్లండి. కరిచిన వేళ, కనబడిన లక్షణాలు డాక్టరుగారికి చెప్పండి.

కాటు పడకముందే పాళ్లు తగ్గించుకోవడం మన చేతిలో ఉంది. వర్షాకాలంలో నేలమీద పడుకోకండి. మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. చీకట్లో టార్చిలైటు లేకుండా గట్టు మీదికి, దొడ్లోకి వెళ్లకండి. గడ్డి, పిడకలు, కట్టెలు తీసేముందు కర్రతో కదిలించండి. ఎలకలు చేరకుండా ఇంటి చుట్టూ శుభ్రంగా ఉంచండి. వీటిలో ఏ ఒక్కటీ పాము కరవదని హామీ ఇవ్వలేదు. ఒక్కొక్కటీ ఒక్కొక్క పాలు తగ్గిస్తుంది. ఇంట్లో అందరూ పాటిస్తే తగ్గేది ఇంటిల్లిపాదికీ తగ్గుతుంది.