బ్రేకు కూత

ఎడ్లబండ్ల ఇరుసులు కిర్రుమనిన కాలమున మా పెద్దలు ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి కందెనగా పెట్టెడివారు. కందెన తగిలినంతనే ఇరుసు నోరు మూసికొనెడిది. తరతరముల ఆ అలవాటు మనలను విడువక, చక్రము దగ్గఱ ఏ చప్పుడు పుట్టినను చేయి మొట్టమొదట నూనెడబ్బావైపే సాగును. కాని ఇరుసు ఒరసికొనకుండ తిరుగుటకు పుట్టినది. బ్రేకో, ఒరసికొనుటకే పుట్టినది. మొదటిదానికి ప్రాణదానము చేయు నూనె రెండవదానికి విషము.

ఈ భేదమును నేను అనుభవముమీద తెలిసికొన్నది గడచిన ఆషాఢమున. అమలాపురములో ఒక షెడ్డున మా కారు ముందుచక్రములకు క్రొత్త బ్రేకు ప్యాడ్లు వేయించితిని. పాత ప్యాడ్లను అట్టపెట్టెలో పెట్టి డిక్కీలో పడవేసిరి, సొమ్ము పుచ్చుకొనిరి. ఆపుటలో ఏ వంకయు లేదు. గడియారస్తంభము సెంటరులో రద్దీని చూచి పాదము తేలికగా మోపితినో లేదో, కారు క్రిందనుండి లేచిన కూతకు అరటిగెలలు దించుచున్న కూలీలు తలలెత్తి చూచిరి. మఱునాడు పోయి మొరపెట్టుకొనగా, “కొత్త ప్యాడ్లు గదండీ, రెండొందల కిలోమీటర్లు తిరిగితే అవే సర్దుకుంటాయండి” అనిరి. నాలుగువందలు తిరిగితిని, కూత సర్దుకొనలేదు సరిగదా, స్వరము తేటపడినది.

ఇది ఆ షెడ్డువారు క్రొత్తగా కల్పించిన వింత కాదు. డిస్కుబ్రేకు పుట్టిననాడే ఈ కూతయు దానితో కవలగా పుట్టినది. 1902లో ఇంగ్లాండునందలి బర్మింగ్‌హామ్ నగరమున ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను మేధావి, తిరుగు లోహఫలకమును ఇరుప్రక్కలనుండి రాగిదిమ్మెలతో నొక్కిపట్టి బండి నాపు ఉపాయమునకు పేటెంటు పొందెను. ఉపాయము దివ్యముగా నున్నదికాని, లోహము లోహమును ఒరయగా వెలువడిన కేక వీధిలోనివారి గుండెలు జల్లుమనిపించినదట. ఇందులో నాకొక విధివిలాసము తోచుచుండును: ఇంజనులోని ప్రకంపనలను అణచు సాధనములలో కొన్నిటికి నేటికిని లాంచెస్టరు పేరే నిలిచియున్నది, యంత్రముల వణకు మాన్పిన ఆ మహానుభావునికి తన బ్రేకు నోరు మూయించుట మాత్రము చేతకాలేదు.

నోరు మూయించినవాడు హెర్బర్ట్ ఫ్రూడ్. డెర్బీషైరు కొండదారులలో రైతులు బరువుబండ్లను పల్లమునకు దింపునపుడు చక్రమును ఒరయు కఱ్ఱదిమ్మెకు పాతజోళ్ల తోలు మేకులతో బిగించుకొనుట అతడు చూచెనని చెప్పుదురు. ఆ చెప్పుతోలు అతని తలలో మెదలి మెదలి, 1897 నాటికి నేతపట్టలకు జిగురుద్రవ్యములు పట్టించి చేసిన బ్రేకు లైనింగుగా పరిణమించినది. తన పేరులోని అక్షరములను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరు మొదటి అక్షరమును చేర్చి, ఆ సరకునకు ‘ఫెరోడో’ అని నామకరణము చేసెను. ఆ పేరు నేటికిని మన స్పేర్‌పార్ట్సు దుకాణముల అలమారులలో కనబడును. తరువాత పదేండ్లకు అతడు రాతినారను (ఆస్‌బెస్టాసును) లైనింగులో వాడగా లాంచెస్టరు కేకకు మందు దొరకినది. అయితే ఆ రాతినార ధూళి ఊపిరితిత్తులలో చేరి కాన్సరు కలిగించునని లోకము గ్రహించుటకు చాల ఆలస్యమైనది. బ్రిటనులో దానిపై పూర్తినిషేధము 1999లో గాని రాలేదు. బ్రేకులోని దుమ్మును నోటితో ఉఫ్ఫుమని ఊదు కుఱ్ఱవాండ్రను చూచినపుడెల్ల ఈ సంగతి జ్ఞప్తికి వచ్చి నాకు ఒడలు జలదరించును.

ఇంతలో 1902లోనే లూయీ రెనో రూపొందించిన డ్రమ్ముబ్రేకు రాజ్యమునకు వచ్చి అర్ధశతాబ్దము ఏలినది. మన అంబాసిడరు ఆ వంశపుదే. డ్రమ్ములో షూలు మూతపెట్టిన కుండలో ఉన్నట్లుండును. వేడి బయటికి పోదు, నీరు చొచ్చిన త్వరగా తొలగదు. వరదదినములలో ఎదురుబిడియం కాజ్‌వేమీద పాఱు నీటిలో అంబాసిడరు దాటించినవారికి, ఆవలి గట్టున బ్రేకు పట్టక గుండె నోటికి వచ్చిన క్షణము గుర్తుండియే యుండును. 1953లో ఫ్రాన్సునందలి లమాన్ పట్టణమున జరిగిన ఇరువదినాలుగు గంటల పందెములో డన్‌లప్ డిస్కుబ్రేకులు తొడిగిన జాగ్వార్ కారు, గంటకు నూరుమైళ్లకు మించిన సగటువేగముతో గెలిచి డ్రమ్ము పరువు తీసినది. రెండేండ్లకు సిట్రోయెన్ డీయస్ కారు ముందుచక్రములయందు డిస్కు పందెములనుండి వీధిలో తిరుగు కార్లకు చేరినది. గాలిలో తిరుగు డిస్కు వేడిని వదలును, నీటిని విదల్చివేయును. దానితోపాటు పాత కేకయు వెంటవచ్చినది.

ఇక ఆ కేక ఎట్లు పుట్టునో చూతము. వయొలిన్ తంత్రిని కమాను పట్టుకొని రవ్వంత దూరము లాగికొనిపోవును; బిగువు హెచ్చగానే తంత్రి విడివడి వెనుకకు జారును; జారినది మరల పట్టువడును. ఈ పట్టువిడుపులు సెకనునకు వందలమార్లు ఒక క్రమములో జరిగినచో అది ద్వారం వెంకటస్వామినాయుడుగారి కచేరియగును. వేలమార్లు జరిగినచో మా కారగును. అయితే ఇంతమాత్రమున కథ పూర్తికాలేదు. పలకమీద సుద్దముక్కను ఒక వాలున పట్టిన మెత్తగా వ్రాయును. ఎదురువాలున త్రోసిన ఎగిరెగిరిపడుచు కీచుమనును. ప్యాడ్డు డిస్కును తాకు వాలు కూడ అట్లే పనిచేయునని 1961 ప్రాంతమున స్పర్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. ఆపైన ప్యాడ్డునకు ఒక సహజస్వరము, డిస్కునకు ఒక సహజస్వరము కలవు. ఆ రెండును దగ్గఱపడినచో ఒకదానినొకటి రెచ్చగొట్టుకొని డిస్కును గంటవలె మ్రోగించును. అపుడు డిస్కు కదలిక వెండ్రుక మందములో పదవవంతైనను ఉండదు. కాని ఆ స్వరము సెకనునకు రెండువేలు మొదలు అయిదువేలవఱకు ఆవృత్తులుగల, మన చెవి మిక్కిలి సూక్ష్మముగా పట్టు మేరలో పడుటచేత వీధి వీధంతయు వినును.

ఇచట ఒక లెక్క చెప్పవలసియున్నది. వేయి కిలోల కారును అరువది కిలోమీటర్ల వేగమునుండి నిలిపినపుడు వేడిగా మారు శక్తి సుమారు లక్షా ముప్పదితొమ్మిదివేల జౌళ్లు. అరలీటరుకు కొంచెము తక్కువ నీటిని మరగించుటకు అది చాలును. కూతకు పోవునది అందులో లెక్కకు రాని రవ్వ. కనుక కూయు బ్రేకు ఆపని బ్రేకు అనుకొనుట పొరపాటు.

మా కారునకు నివారణ దొరకినది కొత్తపేటలో, అంబాసిడర్లతో తల నెరసిన ఒక మేస్త్రి చేతిలో. చక్రము విప్పి, ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టు క్యాలిపరు తొలగించి, డిస్కును ఊడదీసి చూపుడువ్రేలికి వ్రేలాడదీసి, స్పానరుతో టంగుమని కొట్టెను. గుడిగంట మ్రోగినట్లు మ్రోగినది. రెండవచేతి వ్రేలు దాని అంచున ఆనించెను. మ్రోత తెగినట్లు ఆగెను.

“అదేనండి మేష్టారూ కిటుకు. ఆ పాత ప్యాడ్లు పారెయ్యలేదు గదా? ఇలా పట్రండి.”

అట్టపెట్టె తెచ్చి యిచ్చితిని. పాత ప్యాడ్డు వీపున అంటుకొనియున్న పలుచని నల్లరేకును మేస్త్రి గోటితో లేపి చూపెను.

“ఈ షిమ్ములు కొత్తవాటికి ఎయ్యలేదండి. ఏలు తీసేస్తే గంట మోగదేంటండీ మరి?”

రబ్బరుపూతగల ఆ రేకే గంటమీది వ్రేలు. అంతేకాక, క్యాలిపరు జరుగుటకు ఆధారమైన పిన్నులు తుప్పుపట్టి బిగిసి, ప్యాడ్డు డిస్కుమీద ఒక ప్రక్కకు ఒరిగియుండెను. సుద్దముక్క ఎదురువాలు అన్నమాట. ఆత్రము పట్టలేక, “ఒక్క నూనెచుక్క వేసిన పోలా?” అంటిని.

“అమ్మమ్మ! ఆ మాటనకండి. కూత ఆగుద్దండి, కారు ఆగదండి.”

పిన్నులను తోమి, వేడికి కరగని బ్రేకుగ్రీజు వాటికిని, ప్యాడ్ల వీపునకును మాత్రమే పూసి, ఒరయుముఖమునకు గ్రీజు సోకిన వ్రేలైనను తగులనీయక, నున్నబడి అద్దమువలె మెఱయుచున్న ప్యాడ్డుమొగమును గరుకుకాగితముతో రుద్ది, షిమ్ములు తొడిగి బిగించెను. రావులపాలెము వైపు రద్దీలేని దారి చూచికొని, యాబది కిలోమీటర్ల వేగమునుండి పదివఱకు, పూర్తిగా నిలుపక, ఎనిమిది పదిమార్లు నింపాదిగా తగ్గించి, నడుమనడుమ చల్లారనిమ్మని చెప్పెను. అట్లు చేసిన ప్యాడ్డుపదార్థము పలుచగా డిస్కుకు అంటి రెండును ఒండొంటికి అలవడును. ఈ సంస్కారము మన అమలాపురపు సీమలో తనంత తాను జరుగుట కష్టము. కొండలేని దేశము మనది. వంతెనల దిగుడులు తప్ప బ్రేకుకు పరీక్షపెట్టు పల్లములు లేవు. కొబ్బరితోటల నడుమ, కాలువగట్లమీద నెమ్మదిగా పోవుచు పాదము తేలికగా మోపుటయే కాని గట్టిగా త్రొక్కుట యరుదు. తేలికపాదము, తక్కువవేగము, తేమగాలి ఈ మూడును కూతకు ఇష్టమైన వాతావరణము. సముద్రపుగాలి సోకిన పోతయినుపడిస్కుకు రాత్రికిరాత్రే తుప్పుపొర పట్టును.

పాఠకులకు ఒక మాట. ఉదయమున రెండు మూడు మార్లు కూసి ఊరకుండు బ్రేకును గుఱించి నిద్ర చెడగొట్టుకొననక్కఱలేదు. పాదము మోపకున్నను సన్నగా కీచుమనుచుండిన, ప్యాడ్డరుగుదలను తెలుపుటకు అమర్చిన చిన్నరేకు డిస్కును గీకుచున్నదేమో ఆ వారములోనే చూపించుకొనుడు. గరగరమని రాతిమీద ఇనుము ఈడ్చినట్లున్నను, పెడలు లోతుకు దిగుచున్నను, మఱునాటివఱకైనను ఆగవలదు. ప్యాడ్లు మార్పించునపుడు పాత షిమ్ముల సంగతి, పిన్నుల సంగతి నోరు తెఱచి అడుగుడు.

మా కారు ఇప్పుడు వాన కురిసిన రాత్రి తెల్లవాఱి గేటు దాటునపుడు ఒక్కసారి కూయును. వీధిమలుపు దగ్గఱకు వచ్చుసరికి మానివేయును.