దిక్కులేని బిడ్డల యిల్లు

తల్లిదండ్రుల నీడలో పెరుగు బిడ్డకు ఇల్లనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆకలిగొన్నప్పుడు అన్నము, జ్వరము వచ్చినప్పుడు నుదుటిపై చేయి, తప్పు చేసినప్పుడు మందలింపు, ఇవి యన్నియు అడుగకయే లభించును. ఆ నీడ తొలగిపోయిన బిడ్డ గతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన ప్రొటెస్టెంటు మతగురువులలో ఇద్దరిని గూర్చి యిచ్చట తెలిసికొందము. ఒకరి కృషి మరియొకరికి దారి చూపినది.

నేటి జర్మనీ దేశమున హాలే నగరము కలదు. దాని ప్రక్కనే గ్లౌఖా యను పేదల పేట యుండెను. 1692వ సంవత్సరమున ఆగస్టు హెర్మాన్ ఫ్రాంకే యను గురువు అచ్చటికి వచ్చెను. ఆయన వాకిట బిచ్చమునకై చేరు పిల్లలకు అక్షరము ముక్కయైన రాదు. రొట్టె పెట్టినచో ఆ పూట ఆకలి తీరునే కాని, బ్రదుకు మారదని ఆయన గ్రహించెను. 1695లో ఆయన యింటి దానపు పెట్టెలో ఎవరో నాలుగు థాలర్లకు పైచిలుకు సొమ్ము వేసిరి. ఆ సొమ్ముతో పుస్తకములు కొని, పేద విద్యార్థి నొకనిని ఉపాధ్యాయునిగా నియమించి, పాఠశాల నారంభించెను. పంచిన పుస్తకములలో పెక్కు తిరిగి రాలేదు. అయినను ఆయన నిరాశ చెందక మరల పుస్తకములు కొనెను.

1698లో అనాథాశ్రమ భవనమునకు పునాది పడినది. దానికి అనుబంధముగా మందుల శాల, పుస్తకముల అంగడి, ముద్రణాలయము వెలసినవి. వీని ఆదాయము పిల్లల పోషణకు తోడ్పడెను. మన తెలుగువారికిని ఆ స్థలముతో సంబంధము కలదు. చెన్నపట్టణమున తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ 1743లో హాలేకు మరలిపోయి, 1746, 1747 సంవత్సరములలో అచ్చట తెలుగు అక్షరములతో చిన్న పుస్తకములను అచ్చువేయించెను. తెలుగు ముద్రణ చరిత్రలో అవి తొలినాటివి.

ఫ్రాంకే గతించిన సుమారు నూరేండ్లకు జార్జి ముల్లరు అను యువకుడు హాలే విశ్వవిద్యాలయమున చదువుచుండెను. బాల్యమున తండ్రి సొమ్మునే దొంగిలించిన యీతడు అచ్చట మనసు మార్చుకొనెను. ఫ్రాంకే కట్టించిన భవనములోనే పేద విద్యార్థుల కిచ్చు ఉచిత వసతిలో కొన్నాళ్ళుండెను. పిదప ఇంగ్లండు చేరి బ్రిస్టలు నగరమున స్థిరపడెను. 1832లో ఆ నగరమున కలరా చెలరేగెను. దిక్కులేని పిల్లలు వీధులలో తిరుగుచుండిరి. ఆ కాలపు అనాథాశ్రమములు కొన్నింట చందాదారుల వోట్లు సంపాదించిన బిడ్డకే చోటు దొరకెడిది. ఎవరును ఎరుగని బిడ్డకు వోటు వేయువారెవరు?

ముల్లరు ఆ పద్ధతిని విడిచెను. 1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలోని అద్దె యింట బాలికల కొరకు తొలి ఆశ్రమమును తెరచెను. ఎవరిని చేయిచాచి అడుగరాదనియు, అప్పు చేయరాదనియు ఆయన నియమము. భగవంతుని ప్రార్థించి, వచ్చిన ప్రతి కాసునకు లెక్క వ్రాసి, యేటేట ప్రకటించుచుండెను. 1845లో ఇరుగుపొరుగువారు పిల్లల సందడికి తాళలేక మొరపెట్టుకొనిరి. ముల్లరు కోపింపక, వారి మాటలో న్యాయమున్నదని తలచి, ఊరి వెలుపల ఆష్లీ డౌన్ అను మెరకమీద స్థలము కొనెను. 1849 మొదలు 1870 లోపల అచ్చట ఐదు మహాభవనములు లేచినవి. వానిలో 2,050 మంది పిల్లలకు చోటు కలిగెను.

అచ్చట బాలురకు సయితము పడక సర్దుకొనుట, చిరిగిన మేజోళ్ళు కుట్టుకొనుట నేర్పెడివారు. పేదబిడ్డలకు ఇంత చదువేల యని కొందరు నిందించిరి. ముల్లరు వినలేదు. 1898లో ఆయన మరణించునాటికి పదివేలకు పైగా పిల్లలు ఆ యిండ్లలో పెరిగిరి.

అయినను ఆ యేర్పాటున కొరతలు లేకపోలేదు. తల్లిదండ్రుల వివాహము చట్టసమ్మతము కానిచో, ఆ బిడ్డకు అచ్చట ప్రవేశము లేకుండెను. తల్లిదండ్రుల లోపమునకు బిడ్డ శిక్ష అనుభవించుట న్యాయమా? మరియు వందలమంది ఒకే గంటకు లేచి, ఒకే విధమైన దుస్తులు ధరించి, ఒకే బల్లవద్ద తినునప్పుడు ఒక్కొక్క బిడ్డ మనసు నెరుగువారెవరు? కడుపు నిండినను, తనను పేరుతో పిలిచి లాలించు తల్లి లేని కొరత తీరదు. కాలక్రమమున ఈ సత్యమును పెద్దలు గుర్తించిరి. ఇంగ్లండులో 1948 నాటి బాలల చట్టము దిక్కులేని బిడ్డల బాధ్యతను స్థానిక ప్రభుత్వములపై నుంచెను. ముల్లరు సంస్థయు పిల్లలను చిన్న చిన్న కుటుంబ గృహములకు మార్చి, 1958లో ఆ మహాభవనములను విక్రయించెను. మన దేశమున 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టము కూడ బిడ్డకు కుటుంబమే మొదటి ఆశ్రయమనియు, ఆశ్రమము కడపటిదనియు చెప్పుచున్నది.

అంతమాత్రమున ఆ మహనీయుల కృషి వ్యర్థమని తలపరాదు. నాడు వారు తలుపు తెరువకున్నచో ఆ పిల్లలకు వీధియే గతి. తలుపు తెరచుట మొదటి మెట్టు. లోనికి వచ్చిన బిడ్డను తనవానిగా చూచుకొనుట రెండవ మెట్టు. మీ తరగతిలోను వసతిగృహమునుండి వచ్చి చదువుకొను తోటి విద్యార్థి యుండవచ్చును. సెలవు దినమున అందరును ఇండ్లకు పోవునప్పుడు అతని కన్ను లెటు చూచునో ఒక్కసారి గమనింపుడు. ఆ రెండవ మెట్టు ఎక్కుటకు ధనమక్కరలేదు, మహాభవనములును అక్కరలేదు.