పాత క్యాసెట్టు డీవీడీలోకి చేరే దారి

తొంభైల్లో సొంత డబ్బుతో లఘుచిత్రాలు, డాక్యుమెంటరీలు తీసినవాళ్ల బీరువాల్లో వీహెచ్ఎస్, హై8 క్యాసెట్లు ఇంకా ఉంటాయి. వాటిని డీవీడీలోకి చేర్చాలంటే ముందుగా మూల క్యాసెట్టును వెతకాలి. అప్పట్లో ఎడిటింగంటే ఒక వీసీఆర్ నుంచి ఇంకోదానికి కాపీ చేయడమే. కాపీ కాపీకీ రంగులు పాకి, అంచులు చెదిరిపోతాయి. అలా పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

దొరికిన క్యాసెట్టును వెంటనే ఆడించకండి. పాలిస్టర్ పట్టీ మీద అయస్కాంత రేణువుల్ని పట్టి ఉంచే బైండరు కొన్ని టేపుల్లో తేమ పీల్చి బంకగా మారుతుంది. హెడ్డుకు తగిలితే పొరే ఊడొస్తుంది. బూజు కనిపించినా, బంకగా తోచినా నిపుణులకు ఇవ్వడమే మేలు.

వీసీఆర్‌లో హెడ్ డ్రమ్ము, మన పాల్ టీవీ పద్ధతిలో, నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ టేపు మీది ఏటవాలు జాడల్ని చదువుతుంది. టేపు కాస్త సాగినా బొమ్మలోని గీతలు వేళ తప్పుతాయి, నిటారు గోడ వణుకుతుంది. టైమ్‌బేస్ కరెక్టర్ ఒక్కో గీతను మెమరీలో ఆపి సరైన క్షణాన వదులుతుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

డీవీడీలో వీడియోను ఎంపెగ్-2గా కుదిస్తారు. పక్కపక్క ఫ్రేముల్లో మారనిదాన్ని మళ్లీ రాయకపోవడం అందులోని కిటుకు. పాత టేపులో మెరిసే చుక్కలు ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకలా ఉండవు. ఎంపెగ్-2 వాటినీ కొత్త వివరాలుగానే లెక్కగట్టి, ముఖాలకు దక్కాల్సిన బిట్లను వాటికి ఖర్చు చేస్తుంది. అందుకే ముందు చుక్కల్ని కొద్దిగా తగ్గించాలి. మరీ తగ్గిస్తే ముఖాలు మైనపు బొమ్మలవుతాయి! 4.7 జీబీ డిస్కులో గంట నిడివికి మించి నింపకపోవడం మంచిది.

పాల్ వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. ప్రతి ఫ్రేములో సరి, బేసి గీతలు వేర్వేరు క్షణాల్లో తీసినవి. డీవీడీ ఈ 50 క్షణాల్నీ ఉన్నవున్నట్టుగా దాచగలదు. వాటిని కలిపి 25 చేస్తే కదలికలో నునుపు పోతుంది. పాత వీడియోకు డీవీడీ ఇప్పటికీ నప్పడానికి ఇదో కారణం.

అయితే, రాసుకునే డిస్కులోని రంగుపొర వెలుతురుకు, వేడికి పాడవుతుంది. అందుకే టేపు నుంచి తీసిన వీడియోను కుదించని లేదా నష్టం లేకుండా కుదించిన ఫైలుగా రెండు హార్డ్ డిస్కుల్లో విడిగా ఉంచాలి. క్యాసెట్టునూ పారేయొద్దు. హెడ్డు నుంచి వచ్చే ముడి సంకేతాన్నే పట్టి, బొమ్మను సాఫ్ట్‌వేరుతో విడదీసే పద్ధతి ఇప్పటికే వచ్చింది. దానికి కావలసింది ఆ టేపే.